ఇంటి మనిషిపై పీడీ యాక్ట్ పెట్టినప్పుడు: కాగితాలు చదవడం, గడువులు లెక్కపెట్టడం

బెయిల్ మంజూరైందన్న కబురు విని, జామీనుదారుల కాగితాలన్నీ కోర్టులో దాఖలు చేసి, సాయంత్రానికి మనిషి ఇంటికి వస్తాడని జైలు గేటు దగ్గర ఎదురుచూస్తున్న కుటుంబానికి, "ఆయనను వదలడం లేదు, పీడీ యాక్ట్ పెట్టారు" అన్న మాట చెప్పడం తెలుగు రాష్ట్రాల్లో కొత్త సంగతి కాదు. ఆ క్షణంలో ఇంటివాళ్లకు ముందుగా తోచేది తమవాడు ఏ తప్పూ చేయలేదని నిరూపించాలన్న ఆలోచన. సాక్షులను కూడగట్టడానికి, ఫిర్యాదుదారుతో రాజీ మాట్లాడడానికి, ఎమ్మెల్యే దగ్గరకు పరుగెత్తడానికి మొదటి రెండు వారాలూ గడిచిపోతాయి. పీడీ అంటే ప్రివెంటివ్ డిటెన్షన్, ముందస్తు నిర్బంధం. అందులో ఆ శ్రమ దాదాపు వృథా, ఎందుకంటే ఇక్కడ ఎవరూ నేరాన్ని విచారించడం లేదు. ఈ మనిషి బయట ఉంటే రేపు ఏదో చేస్తాడని ఒక అధికారి అనుకున్నాడు, అంతే. ఆ అనుకోవడం సరైనదా కాదా అని హైకోర్టు కూడా సాధారణంగా తూకం వేయదు. ఆ అభిప్రాయానికి వచ్చిన దారి చట్టబద్ధంగా ఉందా, కాగితాలు సక్రమంగా అందాయా, గడువులు పాటించారా అన్నవే చూస్తుంది. కాబట్టి మన పోరాటమంతా కాగితం మీద, క్యాలెండర్ మీద జరగాలి. ఆ పని ఎలా చేయాలో, వకీలును కలిసేలోపు ఇంట్లో చదువు వచ్చినవారు ఎవరైనా చేయగలిగినంత మేరకు, ఇక్కడ వివరిస్తాను.

ముందు చట్టం సంగతి. పత్రికలు పీడీ యాక్ట్ అని రాసేది ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన 1వ నంబరు చట్టం. దొంగసారా వ్యాపారులు, బందిపోట్లు, మాదకద్రవ్యాల నేరస్థులు, గూండాలు, వ్యభిచార వ్యాపారం నడిపేవారు, భూకబ్జాదారులు అని ఆరు రకాల మనుషుల పేర్లు దాని శీర్షికలోనే ఉన్నాయి. రాష్ట్ర విభజన తరువాత రెండు రాష్ట్రాలూ దానిని కొనసాగించాయి. తెలంగాణ 2018లో సవరణ చేసి నకిలీ విత్తనాలు, ఎరువులు, ఆహార కల్తీ, దొంగ పత్రాలు, జూదం, సైబర్ నేరాలు, ఆర్థిక నేరాలు మొదలైనవాటిని కూడా ఆ జాబితాలో చేర్చింది. ఆ సవరణకు ముందు, మిరప విత్తనాల వ్యాపారి ఒకరిని "గూండా" అనే పేరు కింద నిర్బంధించగా సుప్రీంకోర్టు 2017లో ఆ ఉత్తర్వును కొట్టివేసింది. నకిలీ విత్తనం రైతును నిలువునా ముంచుతుందనడంలో సందేహం లేదు, కానీ విత్తనాలమ్మినవాడిని శిక్షించడానికి వేరే చట్టాలు ఉన్నాయి.

ఈ అధికారానికి మూలం రాజ్యాంగంలోనే ఉందని కూడా గుర్తుంచుకోవాలి. అరెస్టయినవారిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి, వకీలును పెట్టుకోనివ్వాలి అని చెప్పే 22వ అధికరణమే, ముందస్తు నిర్బంధానికి ఆ రెండు రక్షణలూ వర్తించవని కూడా చెబుతుంది. బదులుగా మూడు చిన్న రక్షణలు ఇస్తుంది: సలహా మండలి (హైకోర్టు న్యాయమూర్తి స్థాయివారితో ఏర్పడేది) ఆమోదం లేకుండా మూడు నెలలు దాటి ఉంచకూడదు, కారణాలను సాధ్యమైనంత త్వరగా తెలపాలి, వినతిపత్రం ఇచ్చుకునే అవకాశం వీలైనంత తొందరగా కల్పించాలి. ఆ మూడు నెలలను రెండు నెలలకు కుదిస్తూ 1978లో 44వ సవరణ వచ్చింది గానీ, ఆ భాగాన్ని అమలులోకి తెచ్చే నోటిఫికేషన్‌ను ఇప్పటివరకు ఏ కేంద్ర ప్రభుత్వమూ ఇవ్వలేదు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ఈ చట్టాలను తిట్టని పార్టీ లేదు, అధికారంలోకి వచ్చాక వదులుకున్న పార్టీ కూడా అరుదే.

ఇక మొదటి రోజు పని. నిర్బంధితుడి చేతికి రెండు పత్రాలు రావాలి. ఒకటి నిర్బంధ ఉత్తర్వు, సాధారణంగా ఒకటి రెండు పేజీలే ఉంటుంది. రెండవది కారణాల పత్రం, అంటే ఏయే కేసుల ఆధారంగా, ఏ ఆలోచనతో ఉత్తర్వు ఇచ్చారో చెప్పేది. దీనికి అనుబంధంగా ఎఫ్‌ఐఆర్‌లు, వాంగ్మూలాలు, పంచనామాలు, రిమాండ్ రిపోర్టులు, బెయిల్ ఉత్తర్వులు అన్నీ ఉండాలి. చట్టంలోని 8వ సెక్షన్ ప్రకారం కారణాలను నిర్బంధించిన తేదీ నుంచి అయిదు రోజుల్లోగా అందజేయాలి. ములాఖత్‌కు వెళ్లినప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న "ఎలా ఉన్నావు" అయితే, రెండవది "కాగితాలు ఏ తేదీన ఇచ్చారు, ఎన్ని పేజీలు, ఏ భాషలో" అన్నది. అందుకున్నట్టు సంతకం పెట్టేటప్పుడు పక్కన తేదీ, వేళ కూడా వేయమని ఆయనకు చెప్పండి. ఇచ్చిన ప్రతి పేజీకి నకలు బయటకు తెప్పించుకుని, పేజీ నంబర్లు వేసి, రెండు జెరాక్సులు తీసి ఒకటి ఇంట్లో భద్రపరచండి. చదవడానికి వీలుకాని మసక నకళ్లు ఉంటే వాటిని విడిగా గుర్తుపెట్టండి, ఎందుకంటే చదవలేని కాగితం ఇవ్వడం అసలు ఇవ్వకపోవడంతో సమానమనే వాదన కోర్టుల్లో నిలుస్తుంది.

భాష విషయాన్ని మన వాళ్లు తరచుగా తేలికగా తీసుకుంటారు. కారణాల పత్రం నిర్బంధితుడికి అర్థమయ్యే భాషలో ఉండాలి, ఎందుకంటే చదవలేని ఆరోపణకు జవాబు రాయడం ఎవరికీ సాధ్యం కాదు. 1962లో హిందీ మాత్రమే తెలిసిన ఒకరికి ఇంగ్లీషు పత్రం ఇచ్చినందుకు, 1981లో గుజరాతీ మాత్రమే తెలిసిన మరొకరికి ఇంగ్లీషులో ఉన్న కారణాలను నోటిమాటగా వివరించి సరిపెట్టినందుకు సుప్రీంకోర్టు నిర్బంధాలను రద్దుచేసింది. కాబట్టి తెలుగు మాత్రమే వచ్చినవారికి, లేదా ఉర్దూ మాత్రమే చదవగలవారికి ఇంగ్లీషు కట్ట ఇచ్చి, "జైలు అధికారి చదివి వినిపించాడు" అంటే చాలదు. ఆయన ఎంతవరకు చదివారు, ఏ మాధ్యమంలో చదివారు అన్నదానికి రుజువుగా బడి సర్టిఫికెట్ వెతికి పెట్టుకోండి. అయితే పది పన్నెండేళ్లు ఇంగ్లీషు మీడియంలో చదివినవారి తరఫున ఈ వాదన ఎత్తితే మిగతా మంచి వాదనల విలువ కూడా తగ్గుతుంది.

రెండవ పని, గోడ మీది క్యాలెండర్ దించి తేదీలు గుర్తుపెట్టడం. ఉత్తర్వు ఇచ్చిన తేదీ ఒకటి, నిర్బంధంలోకి తీసుకున్న తేదీ మరొకటి. చాలా కేసుల్లో ఈ రెండూ ఒకటి కావు, గడువుల లెక్కలో అవి కలిసిపోకూడదు. ఉత్తర్వు ఇచ్చింది పోలీస్ కమిషనర్ గానీ జిల్లా కలెక్టర్ గానీ అయితే, ఉత్తర్వు ఇచ్చిన తేదీ నుంచి 12 రోజుల్లోగా రాష్ట్ర ప్రభుత్వం దానిని ఆమోదించాలి, లేకపోతే అది చెల్లదు. నిర్బంధించిన తేదీ నుంచి మూడు వారాల్లోగా ప్రభుత్వం విషయాన్ని సలహా మండలికి పంపాలి. అదే తేదీ నుంచి ఏడు వారాల్లోగా మండలి తన నివేదిక ఇవ్వాలి. తగిన కారణం ఉందని మండలి చెబితే ప్రభుత్వం నిర్బంధాన్ని ఖాయం చేయవచ్చు, లేదని చెబితే వెంటనే విడిచిపెట్టి తీరాలి. గరిష్ఠ కాలం నిర్బంధించిన తేదీ నుంచి 12 నెలలు. ప్రతి మూడు నెలలకూ ఉత్తర్వును తిరిగి పొడిగించాలనే వాదన కొంతకాలం నడిచింది, 2014లో సుప్రీంకోర్టు తీర్పు ఒకటి దానికి బలం కూడా ఇచ్చింది. అయితే కాకినాడ జిల్లాకు చెందిన ఒక నాటుసారా కేసులో 2023 ఆగస్టున ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ వాదనను తోసిపుచ్చింది. ఇప్పటికీ పాత తీర్పును పట్టుకుని పిటిషన్లు రాసేవారు ఉన్నారు కనుక మీ వకీలును ఈ సంగతి ఒకసారి అడగడంలో తప్పులేదు.

తేదీల తరువాత అసలైన చదువు మొదలవుతుంది. కారణాల పత్రాన్ని పెన్సిలు చేతపట్టుకుని కనీసం మూడుసార్లు చదవాలి, ప్రతిసారి ఒకే ప్రశ్నతో చదవాలి.

మొదటిసారి వెతకవలసింది పబ్లిక్ ఆర్డర్ అన్న మాట. చట్టం ఈ అధికారాన్ని ఇచ్చింది పబ్లిక్ ఆర్డర్‌ను కాపాడడానికే గానీ, లా అండ్ ఆర్డర్ సమస్యలన్నిటికీ కాదు. తెలుగు పత్రికలు రెండింటినీ "శాంతిభద్రతలు" అనే ఒకే మాటతో రాస్తాయి కాబట్టి మన చెవికి తేడా వినిపించదు, కానీ ఈ కేసులు చాలావరకు గెలిచేదీ ఓడేదీ ఆ తేడా మీదనే. సోషలిస్టు నాయకుడు రామ్ మనోహర్ లోహియాను 1965లో పాట్నాలో నిర్బంధించినప్పుడు జిల్లా మేజిస్ట్రేటు ఉత్తర్వులో పబ్లిక్ ఆర్డర్ అని ఉండవలసిన చోట లా అండ్ ఆర్డర్ అని రాశారు. అదే ఏడాది సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆయనను విడుదల చేసింది. ఆ తీర్పులో జస్టిస్ హిదయతుల్లా మూడు వృత్తాల ఉపమానం చెప్పారు: అన్నిటికన్నా పెద్ద వృత్తం లా అండ్ ఆర్డర్, దాని లోపలిది పబ్లిక్ ఆర్డర్, ఆ లోపల చిన్నది రాజ్య భద్రత. పెద్ద వృత్తాన్ని తాకిన ప్రతి పనీ లోపలి వృత్తాన్ని తాకినట్టు కాదు. ఇద్దరి మధ్య అప్పు తగాదా, ఒకరి మెడలో గొలుసు తెంపడం, ఉద్యోగం ఇప్పిస్తానని కొందరిని మోసం చేయడం నేరాలే, శిక్షార్హమైనవే. కానీ వాటివల్ల ఒక వాడలోనో ఊరిలోనో మామూలు జీవితం ఆగిపోయిందా అన్నది ప్రశ్న. కారణాల పత్రంలో "ప్రజల్లో భయాందోళనలు కలిగాయి" అనే వాక్యం ఉంటుంది, దాదాపు ప్రతి ఉత్తర్వులోనూ అవే మాటలతో ఉంటుంది. దాని కింద గీత గీసి, ఏ ప్రాంతంలో, ఎవరిలో, ఎలా కలిగాయని చెప్పే వాస్తవం ఒక్కటైనా ముందు వెనుకల ఉందేమో చూడండి. లేకపోతే అదే మీ మొదటి అంశం.

ఈ విషయంలో సుప్రీంకోర్టు తెలంగాణను పదేపదే హెచ్చరించింది. ఉద్యోగాల పేరిట మోసం చేశారన్న కేసులో 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన తీర్పులో, ఈ చట్టం కింద ఇచ్చిన ఉత్తర్వులను గడిచిన ఏడాది కాలంలోనే తెలంగాణ హైకోర్టు పదింటినైనా కొట్టివేసిందని గుర్తుచేసింది. 2023 సెప్టెంబరు 4న హైదరాబాద్‌కు సంబంధించిన మరో కేసులో, ఈ రాష్ట్రంలో కనిపిస్తున్న ధోరణి హానికరమైనదని చెబుతూ, నిర్బంధ ఉత్తర్వును పరీక్షించే కోర్టులు చూడవలసిన అంశాలను వరుసగా రాసిపెట్టింది. 2024 మార్చి 21న గొలుసు దొంగతనాల కేసులో, పోలీసులు మామూలు నేరాలను అదుపు చేయలేకపోవడం ముందస్తు నిర్బంధానికి సాకు కాకూడదని చెప్పింది. మీ వకీలు దగ్గర ఈ మూడు తీర్పుల ప్రతులు ఉన్నాయో లేదో కనుక్కోండి.

రెండవసారి చదివేటప్పుడు కేసుల తేదీలు చూడండి. పాతబడిన సంఘటనలకు, నేటి నిర్బంధ అవసరానికి మధ్య తెగని లంకె ఉండాలి. ఒక భూకబ్జా ఆరోపణలో 2016లో ఇచ్చిన ఉత్తర్వుకు తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల కిందటి సంఘటనలను ఆధారం చేసుకున్నారని సుప్రీంకోర్టు 2017లో దానిని రద్దుచేసింది. అంతటి పాతవి కాకపోయినా, చివరి కేసుకూ ఉత్తర్వుకూ మధ్య ఎన్ని నెలలు గడిచాయో, ఆ ఆలస్యానికి పత్రంలో వివరణ ఉందో లేదో రాసుకోండి. చాలా ఉత్తర్వుల్లో మరో చిత్రం కనిపిస్తుంది: "గత చరిత్ర" అని ఏడెనిమిది పాత కేసులు చెప్పి, "వీటిని ఆధారంగా తీసుకోవడం లేదు" అని కూడా అక్కడే రాస్తారు. ఆధారం కానప్పుడు వాటిని రాయడం ఎందుకన్న ప్రశ్న మీకు వచ్చినట్టే న్యాయమూర్తులకూ వస్తుంది. "గూండా" అన్న ముద్ర వేసినప్పుడు, అలవాటుగా నేరాలు చేసేవాడని చట్టం అంటుంది కాబట్టి, ఒకటి రెండు కేసులతో ఆ అలవాటు ఎలా తేలిందని కూడా అడగాలి.

మూడవసారి బెయిల్ సంగతి. ఉత్తర్వు ఇచ్చే నాటికి మనిషి జైలులోనే ఉంటే, ఆ సంగతి అధికారికి తెలుసని, బెయిల్‌పై బయటకు వచ్చే అవకాశం నిజంగా ఉందని, వస్తే మళ్లీ అదే పని చేస్తాడని నమ్మడానికి ఆధారం ఉందని పత్రంలో కనిపించాలి. అసలు బెయిల్ దరఖాస్తే వేయని వ్యక్తి గురించి "త్వరలో బెయిల్ రావచ్చు" అని రాస్తే అది ఊహ మాత్రమేనని 2011లో తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. బెయిల్ ఇప్పటికే వచ్చి ఉంటే, ఆ బెయిల్ ఉత్తర్వు, అందులోని షరతులు అధికారి ముందు పెట్టారా? షరతులు ఉల్లంఘించారని ఆరోపణ ఉంటే, బెయిల్ రద్దు కోరుతూ పోలీసులు ఆ కోర్టుకు ఎందుకు వెళ్లలేదు? తెలంగాణ నుంచి వెళ్లిన ఒక మోసం కేసులో 2021 ఆగస్టున సుప్రీంకోర్టు సరిగ్గా ఈ ప్రశ్నే వేసి ఉత్తర్వును కొట్టివేసింది. పత్రంలో బెయిల్ ఉత్తర్వు ప్రస్తావన ఉండి, ఇచ్చిన కట్టలో దాని నకలు లేకపోతే, అది మీ జాబితాలో పైకి ఎక్కవలసిన లోపం.

ప్రతి ఉత్తర్వూ ఇలా కూలిపోతుందని ఆశపెట్టడం నా ఉద్దేశం కాదు. పైన చెప్పిన కాకినాడ సారా కేసులో నిర్బంధాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. పట్టుకున్న సారా ప్రజల ఆరోగ్యానికి హానికరమని ప్రయోగశాల నివేదికలు ఉండడం అందుకు పెద్ద కారణం. మీ కట్టలో అలాంటి నివేదికలు ఉంటే ముందుగానే వకీలుకు చూపించండి, దాచుకుంటే లాభం లేదు.

ఇక వినతిపత్రం. చాలామంది దీనిని లాంఛనంగా భావించి వదిలేస్తారు, లేదా "దయచేసి విడుదల చేయండి, పిల్లలు చిన్నవాళ్లు" అని రాసి పంపుతారు. రెండూ పొరపాటే. చట్టం ప్రకారం వినతి రాష్ట్ర ప్రభుత్వానికి ఇవ్వాలి. ప్రభుత్వం ఆమోదించే వరకూ, అంటే ఆ 12 రోజుల్లో, ఉత్తర్వు ఇచ్చిన అధికారికి కూడా ఇవ్వవచ్చు. నిర్బంధితుడు జైలు సూపరింటెండెంట్ ద్వారా పంపవచ్చు, భార్య, తల్లి, అన్నదమ్ములు వంటివారు ఆయన తరఫున నేరుగా ఇవ్వవచ్చు. అందులో పైన మీరు గుర్తించిన లోపాలను పేజీ నంబర్లతో సహా రాసి, ఇవ్వని పత్రాల పట్టికను జతచేసి, వాటి నకళ్లు, అవసరమైతే తెలుగు అనువాదాలు కావాలని స్పష్టంగా అడగాలి. అందజేసిన చోట ముద్రతో రసీదు తీసుకోండి, లేదా స్పీడ్ పోస్టు రసీదు, డెలివరీ వివరాలు దాచుకోండి. వినతిపై నిర్ణయాన్ని ప్రభుత్వం వివరణ లేకుండా జాప్యం చేస్తే ఆ జాప్యమే నిర్బంధాన్ని చెల్లకుండా చేయగలదు, కానీ మీరు ఎప్పుడు ఇచ్చారో నిరూపించే కాగితం ఉంటేనే.

సలహా మండలిలో అధ్యక్షుడు, ఇద్దరు సభ్యులు ఉంటారు; ముగ్గురూ హైకోర్టు న్యాయమూర్తులుగా ఉన్నవారు, చేసినవారు, లేదా ఆ పదవికి అర్హులు. అక్కడ వకీలును పెట్టుకునే హక్కు లేదు. ఇది ఈ చట్టాల్లోని అతి పెద్ద అన్యాయాల్లో ఒకటని నా అభిప్రాయం, ఎందుకంటే చదువురాని మనిషి ఒంటరిగా మండలి ముందు నిలబడి కొన్ని నిమిషాల్లో తన కథ చెప్పుకోవాలి. అయినా 1981 డిసెంబరులో ఎ.కె. రాయ్ కేసులో సుప్రీంకోర్టు రెండు వెసులుబాట్లు ఇచ్చింది. ప్రభుత్వం తరఫున వకీలుగానీ న్యాయ సలహాదారుగానీ మండలి ముందు మాట్లాడితే నిర్బంధితుడికీ వకీలును అనుమతించాలి. అలా కాకపోయినా, వకీలు కాని మిత్రుడి సహాయం కోరితే ఇవ్వాలి. కోరితేనే అన్నది ముఖ్యం. కాబట్టి విచారణ తేదీ తెలియగానే, ఫలానా మిత్రుడిని వెంట అనుమతించమని, ఫలానా సాక్షిని వినమని జైలు నుంచి రాతపూర్వకంగా అడిగించండి. మండలి రబ్బరు స్టాంపులా పనిచేయకూడదని 2024 మార్చి తీర్పు చెప్పింది గనుక, నోటితో చెప్పే నాలుగు మాటలు కన్నా చేతికిచ్చే రెండు పేజీల పట్టిక ఎక్కువ ఉపయోగపడుతుంది.

మండలి నిర్ణయం కోసం ఆగకుండానే హైకోర్టులో 226వ అధికరణం కింద హెబియస్ కార్పస్ రిట్, అంటే నిర్బంధం చట్టబద్ధమో కాదో తేల్చమని కోరే పిటిషన్, వేయవచ్చు. ఈ పిటిషన్‌ను బంధువులు వేయవచ్చు. జైలు నుంచి రాసిన పోస్టుకార్డును కూడా పిటిషన్‌గా స్వీకరించవచ్చని, నిర్బంధం చట్టబద్ధమని చూపించే బరువు ప్రభుత్వం మీదనే ఉంటుందని సుప్రీంకోర్టు 1980లో చెప్పింది. ఫీజు భరించలేని పరిస్థితి ఉంటే జాతీయ న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి, లేదా హైకోర్టు న్యాయ సేవల కమిటీని సంప్రదించండి. నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో సంబంధం లేకుండా 1987 చట్టం ఉచిత న్యాయ సహాయాన్ని హక్కుగా ఇచ్చింది. ఆలస్యం చేయకండి, ఎందుకంటే పిటిషన్ విచారణకు వచ్చి తీర్పు వెలువడేసరికి చాలా సందర్భాల్లో ఆ పన్నెండు నెలల్లో సగం గడిచిపోతాయి. 2022 ఆగస్టులో నిర్బంధించిన గోషామహల్ ఎమ్మెల్యే టి. రాజాసింగ్ విషయంలోనే హైకోర్టు ఉత్తర్వును కొట్టివేసేసరికి నవంబరు వచ్చింది. పేరున్న నాయకుడికే రెండు నెలలు దాటినప్పుడు, అడ్డా కూలీ కుటుంబం ఎంతకాలం ఎదురుచూడవలసి వస్తుందో ఊహించుకోవచ్చు.

విడుదలయ్యాక కాగితాల కట్టను పారేయకండి. ఉత్తర్వు రద్దయినా, గడువు తీరినా, అసలు కేసులు మామూలు కోర్టుల్లో నడుస్తూనే ఉంటాయి, ఆ వాయిదాలకు తప్పక హాజరు కావాలి, బెయిల్ షరతులు ఉంటే పాటించాలి. అదే మనిషిపై మళ్లీ పీడీ యాక్ట్ పెట్టాలంటే ఆ తరువాత జరిగిన కొత్త సంగతులు ఉండాలి, పాత కేసులను తిరగరాసి పెట్టడం కుదరదు. రెండవ ఉత్తర్వు వస్తే, మొదటి కారణాల పత్రాన్ని పక్కన పెట్టుకుని పేరా పేరా పోల్చి చూడండి.